మొక్కజొన్న గింజ: బరువా, బలమా?

దిగుబడివాది: మొక్కజొన్న గింజలో పోషకాలు పెంచాలని మీరంటున్నారు. దానికి మొక్క ఏం చెల్లించాలో ముందు చూద్దాం. ఆకులో తయారైన ఒక గ్రాము గ్లూకోజుతో మొక్క 0.83 గ్రాముల పిండిపదార్థం చేసుకోగలదు. అదే గ్లూకోజును మాంసకృత్తులకు మళ్లిస్తే 0.40 గ్రాములు, నూనెకు మళ్లిస్తే 0.33 గ్రాములే దక్కుతాయి. సింక్లెయిర్, డెవిట్ అనే శాస్త్రవేత్తలు 1975లో వేసిన లెక్క ఇది. ఎండ అంతే, ఆకు అంతే, గింజ నిండే రోజులూ అంతే. అలాంటప్పుడు మాంసకృత్తులు పెరిగితే గింజ బరువు తగ్గక తప్పదు. విత్తనం తయారుచేసేవారి చేతకానితనం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది.

అనుమానముంటే ఇలినాయ్ చూడండి. 1896లో సిరిల్ హాప్కిన్స్ అక్కడ బర్స్ వైట్ అనే రకం నుంచి 163 కంకులు తీసుకుని ఎంపిక మొదలుపెట్టారు. మాంసకృత్తులు ఎక్కువున్న కంకుల విత్తనం ఒక పక్క, తక్కువున్న వాటి విత్తనం ఇంకో పక్క ఏటా వేస్తూ పోయారు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు వందేళ్లు దాటినా ఆ పని ఆపలేదు. మొదట 10.9 శాతం ఉన్న మాంసకృత్తులు ఎక్కువ వైపు వరుసలో 25 శాతం దాటాయి. కానీ గింజలు చిన్నవైపోయాయి, పిండిపదార్థం పడిపోయింది, ఏ రైతూ వేసుకోలేనంతగా దిగుబడి తగ్గింది. ఇంకో వైపు, 1930ల నుంచి అమెరికా రైతులు వేసిన హైబ్రిడ్లను పక్కపక్క మళ్లలో పెంచి చూశారు. కొత్త హైబ్రిడ్ వచ్చేకొద్దీ దిగుబడి పెరిగింది, పిండిపదార్థం పెరిగింది, మాంసకృత్తుల శాతం తగ్గుతూ వచ్చింది. కావాలని ఎవరూ తగ్గించలేదు. బరువు కోసం ఎంపిక చేస్తే అది దానంతటదే తగ్గింది.

పోషణవాది: లెక్క ఒప్పుకుంటున్నాను. ఇలినాయ్ ఫలితాన్నీ ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రెండూ నా వాదానికి తగలవు. నేనడుగుతున్నది మాంసకృత్తులు ఎన్ని అని కాదు, ఎలాంటివి అని. మొక్కజొన్న మాంసకృత్తుల్లో సగానికి పైగా జెయిన్ అనే రకం. అందులో లైసిన్ అనే అమైనో ఆమ్లం దాదాపు శూన్యం, ట్రిప్టోఫాన్ అనేది కూడా అంతే. ఈ రెండూ మన ఒంట్లో తయారుకావు, తిండిలోంచే రావాలి. ఇలినాయ్ వరుసలో వందేళ్లపాటు పెరిగిన మాంసకృత్తుల్లో అధిక భాగం ఈ జెయినే. శాతం రెట్టింపు దాటినా, దాన్నే నమ్ముకుని తినే బిడ్డకు ఆ మేరకు ఒరిగేదేమీ లేదు.

1963లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ మెర్ట్జ్, లిన్ బేట్స్, ఆలివర్ నెల్సన్ పట్టుకున్నది వేరే దారి. ఒపేక్-2 అనే జన్యువు మారిన గింజలో జెయిన్ తగ్గి, ఆ చోట లైసిన్ ఉన్న ఇతర మాంసకృత్తులు పెరుగుతాయి. మొత్తం శాతం 9 ఉంటే 9 చుట్టూనే ఉంటుంది. లైసిన్, ట్రిప్టోఫాన్ మాత్రం దాదాపు రెట్టింపవుతాయి. మీ గ్లూకోజు లెక్కలో దీనికి మొక్క అదనంగా పెట్టే ఖర్చు నామమాత్రం. ఇక దిగుబడికీ పోషణకూ పుట్టువైరం ఎక్కడుంది?

దిగుబడివాది: గ్లూకోజు లెక్కలో లేకపోవచ్చు. పొలంలో, గాదెలో ఉంది. జెయిన్ గింజలో ఊరికే కూర్చునే పదార్థం కాదు. పిండి రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచి గింజకు గట్టిదనం, గాజులాంటి మెరుపు ఇచ్చేది అదే. దాన్ని తీసేస్తే గింజ సుద్దలా తెల్లబోతుంది. బరువు తగ్గుతుంది. కోతకొచ్చినా తేమ త్వరగా వదలదు. కంకి కుళ్లు తేలిగ్గా పడుతుంది. బస్తాలో పోస్తే ముక్కు పురుగుకు పండగ. మన దేశంలో 1971లో శక్తి, రతన్, ప్రొటీనా అని మూడు కాంపోజిట్ రకాలు విడుదల చేశారు. లైసిన్ ఉంది, పేరు ఉంది, ప్రభుత్వం వెనక ఉంది. రైతు మాత్రం తీసుకోలేదు. తీసుకోనందుకు రైతును తప్పుపట్టగలరా?

పోషణవాది: పట్టలేను. ఆ తరం రకాలు ఓడిపోయాయి. ఓడిపోవాల్సినవే. పోషకం ఒక్కటి చూసి పంటకు కావలసిన మిగతా గుణాలను గాలికొదిలేసిన తొందరపాటు మా వైపు నుంచి జరిగింది. మీ వాదంలో నాకు బాగా గుచ్చుకునేది ఇదే.

కానీ కథ 1971లో ఆగలేదు. మెక్సికోలోని సిమిట్ అనే పంటల పరిశోధన కేంద్రంలో మన అమృత్‌సర్ ప్రాంతం నుంచి వెళ్లిన సురీందర్ వాసల్, మెక్సికో జీవరసాయన శాస్త్రవేత్త ఎవాంజెలీనా విల్లెగాస్ చాలామంది వదిలేసిన పనిని పట్టుకుని కూర్చున్నారు. ఒపేక్-2 గింజల్లో అక్కడక్కడా సగం గట్టిగా, సగం సుద్దగా ఉన్నవి కనిపించేవి. ఒపేక్-2 ను అలాగే ఉంచి గింజను గట్టిపరిచే మరికొన్ని జన్యువులు వాటిలో ఉన్నాయని గ్రహించారు. ఆయన గింజ ఏరడం, ఆమె ప్రయోగశాలలో ట్రిప్టోఫాన్ తగ్గలేదని తేల్చడం, మళ్లీ విత్తడం. ఏళ్ల తరబడి అదే పని. చివరకు గట్టి గింజ, మామూలు మెరుపు, రెట్టింపు లైసిన్ ఒకే కంకిలోకి వచ్చాయి. క్యూపీఎం, అంటే నాణ్యమైన మాంసకృత్తుల మొక్కజొన్న, ఇదే. 2000లో ఇద్దరికీ ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మన దగ్గర 2005లో హెచ్‌క్యూపీఎం-1, 2008లో అల్మోడా నుంచి వివేక్ క్యూపీఎం-9 వచ్చాయి. 2017లో విడుదలైన పూసా హెచ్‌ఎం-8 ఇంప్రూవ్డ్‌ను ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకూ సిఫారసు చేశారు. మామూలు హైబ్రిడ్ మాంసకృత్తుల్లో లైసిన్ 1.5 నుంచి 2 శాతం ఉంటే దానిలో 4.18 శాతం. దిగుబడి హెక్టారుకు 62.6 క్వింటాళ్లు. గింజ మెత్తబడటమూ లైసిన్ పెరగడమూ విడదీయలేని జంట అని 1971లో అందరూ అనుకున్నారు. విడదీయవచ్చని తేలింది. మనం విడదీయలేమనుకుంటున్న ఇతర జంటల సంగతేమిటన్నది నా అనుమానం.

దిగుబడివాది: గట్టిదనం విషయంలో మీరు గెలిచారు, ఒప్పుకున్నాను. ఆ గెలుపుకైన ఖర్చు కూడా చెప్పండి. మామూలు హైబ్రిడ్ తయారుచేసేవారు దిగుబడి, తెగుళ్లు, పడిపోకుండా నిలబడే కాండం, కోత సమయం చూసుకుంటే చాలు. క్యూపీఎం చేసేవారు వాటికి తోడు ఒపేక్-2 రెండు వైపుల నుంచీ వచ్చిందా, గట్టిపరిచే జన్యువులు నిలిచాయా, అమైనో ఆమ్లాలు తగ్గలేదా అని ప్రతి తరంలోనూ చూడాలి. అన్ని మొక్కల్లోంచి అన్ని షరతులకూ నిలిచేవి ఎన్ని మిగులుతాయి? మీరు చెప్పిన హెచ్‌ఎం-8 ఇంప్రూవ్డ్‌కు మాతృక దాదాపు పదేళ్ల ముందే వచ్చింది. మెరుగుపరిచిన రూపం రైతు చేతికొచ్చేసరికి పోటీ కంపెనీల కొత్త హైబ్రిడ్లు రంగంలో దిగిపోయాయి. పోషకం వల్ల గింజ బరువు తగ్గకపోవచ్చు. పదేళ్లు వెనకబడటం వల్ల తగ్గుతుంది. రైతుకు తేడా లేదు, రెండూ నష్టమే.

పైగా గింజ గట్టిపడ్డాక ఇంకో చిక్కు వచ్చింది. సుద్దలా ఉన్నప్పుడు కనీసం కంటికి తెలిసేది. ఇప్పుడు మార్కెట్ యార్డులో రెండు కుప్పలు పక్కపక్కన పోస్తే ఏది క్యూపీఎం, ఏది మామూలుదో ఎవరూ చెప్పలేరు. లైటు బల్ల మీద గింజ పరిచి చూస్తే కొంత తెలుస్తుంది, ఖాయంగా తేలాలంటే ప్రయోగశాలకు పోవాలి. యార్డులో చూసేది తేమ, పురుగు, రంగు, తూకం. 2025-26కు మద్దతు ధర క్వింటాకు 2400 రూపాయలు. లైసిన్ 2 శాతం ఉన్నా 4 శాతం ఉన్నా అదే 2400.

పోషణవాది: అది ధర కట్టేవారి లోపం. గింజలో లోపం కాదు. మీరు ఎకరాకు క్వింటాళ్లు లెక్కపెడుతున్నారు. నన్ను ఎకరాకు లైసిన్ లెక్కపెట్టనివ్వండి. మన రబీ మొక్కజొన్న ఎకరాకు 30 క్వింటాళ్లనుకుందాం. 9 శాతం చొప్పున 270 కిలోల మాంసకృత్తులు, అందులో 2 శాతం చొప్పున లైసిన్ 5.4 కిలోలు. క్యూపీఎం వేసి పది శాతం దిగుబడి పోగొట్టుకున్నామనుకుందాం. అంత పోదని నా నమ్మకం, అయినా మీ వైపే మొగ్గి చెబుతున్నాను. 27 క్వింటాళ్లలో 243 కిలోల మాంసకృత్తులు, 4 శాతం చొప్పున లైసిన్ 9.7 కిలోలు. అదే నేల, అదే నీరు. దిగుబడి అనే కొలబద్దను బరువుకే పరిమితం చేయడం వల్ల ఇంత తేడా కనిపించకుండా పోతోంది.

దిగుబడివాది: ఆ మూడు క్వింటాళ్లు 7200 రూపాయలు. అవి మీకు లెక్కలో కనిపిస్తాయి, కౌలు రైతుకు అప్పులో కనిపిస్తాయి.

పోషణవాది: అవును. ఆ డబ్బు కౌలు రైతు జేబులోంచి పోవాలని నేను ఎన్నడూ అనను. అనేది ఒక్కటే, నాణ్యతను తగ్గించే పనికి ఆ రైతే ఇప్పటికే డబ్బు పెడుతున్నాడు. యూరియా సంగతి చూడండి. నత్రజని పెంచితే ఒక హద్దు వరకు దిగుబడీ పెరుగుతుంది, మాంసకృత్తుల శాతమూ పెరుగుతుంది. అదే, రకాన్ని రకంతో పోలిస్తే దిగుబడి ఎక్కువున్న దానిలో శాతం తక్కువ. అవే రెండు గుణాలు ఎరువు మారితే కలిసి నడుస్తాయి, రకం మారితే ఎదురెదురుగా నడుస్తాయి. గింజ పాలు పోసుకునే వేళ వాన మొహం చాటేస్తే ఇంకో రకం: పిండి సరిగా నిండక గింజ చిన్నదవుతుంది, మాంసకృత్తుల శాతం పెరిగినట్టు కనబడుతుంది. పంట దెబ్బతిన్న ఏడాది గింజ బలమైనదిగా లెక్కకొస్తుంది! అందుకే, దిగుబడికీ నాణ్యతకూ ఎదురు సంబంధం అని ఒక ప్రయోగం పట్టిక చూపించి ఎవరైనా అంటే, ఏ రకాల మధ్య, ఎంత నత్రజనితో, ఏ వానతో అని అడగాలి. పైగా యూరియాతో పెరిగే మాంసకృత్తుల్లో ముఖ్యవాటా మళ్లీ జెయిన్‌దే. శాతం పెరుగుతుంది, ఆ మాంసకృత్తుల్లో లైసిన్ వంతు తగ్గుతుంది. క్యూపీఎంలో ఈ దిగజారుడు అంతగా ఉండదు.

దిగుబడివాది: శాస్త్రంగా చక్కటి మాట. ఆచరణలోకి రండి. మన మొక్కజొన్న ఎవరు తింటున్నారు? పెద్ద వాటా కోళ్ల దాణాకు పోతోంది. మిగిలిన దానిలో గంజిపొడి, ఇథనాల్ ఫ్యాక్టరీలు బాగా గుంజుకుంటున్నాయి. ఇథనాల్ వాడికి కావలసింది పిండిపదార్థం. లైసిన్ వాడికి దండగ. దాణా మిల్లువాడు లైసిన్ పొడిని బస్తాల్లో కొని కలుపుకుంటాడు. ఆ పొడి ఎలా తయారవుతుందో మీకు తెలుసు. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, ట్యాంకుల్లో సూక్ష్మజీవులకు మేపితే అవి లైసిన్ ఇస్తాయి. గింజలో లైసిన్ పెంచడానికి పదేళ్లు కష్టపడటం కంటే, గింజలో పిండి పెంచి ట్యాంకులో లైసిన్ తీయడం సులువు కాదా? ఆ దాణా తిన్న కోడి పెట్టిన గుడ్డు అంగన్‌వాడీలో బిడ్డ చేతికొస్తుంది. గుడ్డులో లైసిన్, ట్రిప్టోఫాన్ రెండూ పుష్కలం. మొక్కజొన్న పోషణ మనిషికి అందే దారి అది. ఆ దారిలో నడవాలంటే దిగుబడి పెరగాలి, దాణా చవకవ్వాలి.

పోషణవాది: మీ వాదాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసేది ఇదే. గుడ్డు రోజూ అందే బిడ్డకు క్యూపీఎం అవసరం తక్కువ. పప్పు అందే ఇంట్లోనూ అంతే, కందిలో శనగలో లైసిన్ బాగా ఉంది. ఇక్కడ మీకు ఎదురుచెప్పను.

కానీ అందనివారు ఉన్నారు. రాజస్థాన్ దక్షిణాన, మధ్యప్రదేశ్‌లోని ఝాబువాలో, గుజరాత్‌లోని దాహోద్‌లో భిల్లులకు మక్క రొట్టే తిండి. మలావీ, జాంబియాల్లో మూడు పూటలా మొక్కజొన్న సంకటే. తెలంగాణలో మక్క గటక ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ట్యాంకులో పుట్టిన లైసిన్ కోడి తొట్టెలోకి చేరుతుంది, ఎందుకంటే కోడి బరువుకు ధర ఉంది. గటక గిన్నెలోకి దాన్ని ఎవరూ పోయరు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. గత శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్నే ఆధారంగా బతికిన పేదలకు పెల్లాగ్రా వచ్చింది. చర్మం పగిలి, విరేచనాలై, మతి చెడి చచ్చిపోయారు. అది అంటువ్యాధి కాదని, తిండి లోపమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ రుజువు చేయాల్సి వచ్చింది. మొక్కజొన్నలోని నియాసిన్ ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. ఒంట్లో ట్రిప్టోఫాన్ నుంచి కొంత నియాసిన్ తయారవుతుంది గానీ, మొక్కజొన్నలో అదీ తక్కువే. మెక్సికోవాళ్లు తరతరాలుగా సున్నం నీటిలో ఉడికించి రుబ్బుకోవడం వల్ల ఆ నియాసిన్ విడుదలై బయటపడ్డారు. మన దక్కనులో జొన్న తినేవాళ్లలోనూ పెల్లాగ్రా ఉండేది. హైదరాబాద్‌లోని పోషకాహార ప్రయోగశాలలో గోపాలన్, శ్రీకాంతియా జొన్నలో అధికంగా ఉన్న ల్యూసిన్‌కు దీనితో సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించారు. గింజలో అమైనో ఆమ్లాల పొందిక మనిషి చర్మం మీద, మెదడు మీద ఎలా రాసిపెడుతుందో ఆలోచించినవాళ్లు మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. ఆ విషయాన్ని పక్కనపెట్టి గింజను బరువుతోనే తూచడం నాకు ససేమిరా ఒప్పుదల కాదు.

దిగుబడివాది: జబ్బు నిజం. మందు ఎంత పనిచేసింది?

పోషణవాది: పలు దేశాల్లో పిల్లల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2010లో లెక్క తేల్చారు. మొక్కజొన్నే ముఖ్య ఆహారమైన చోట, ఓ మోస్తరు పోషకాహార లోపమున్న పిల్లలు క్యూపీఎం తింటే బరువు పెరిగే వేగం 12 శాతం, ఎత్తు పెరిగే వేగం 9 శాతం ఎక్కువయ్యాయి. తిండిలో ఇతర మాంసకృత్తులు ఉన్న చోట ఈ ప్రయోజనం ఆశించకూడదు. షరతుతో కూడిన ఫలితమే, దాచను.

దిగుబడివాది: షరతు చెప్పినందుకు సంతోషం. అయితే ఒక మాట. మీరు పోషకమంటే లైసిన్ ఒక్కటే పట్టుకున్నారు. కంటిచూపుకు కావలసిన కెరోటిన్ సంగతి చూడండి. అది గ్రాముకు మైక్రోగ్రాముల్లో ఉండే పదార్థం. మొక్క దానికి పెట్టే గ్లూకోజు లెక్కలోకి రాదు, దిగుబడికి అడ్డం రాదు. నారింజ రంగు కంటికి కనబడుతుంది, కాబట్టి యార్డులోనూ గుర్తుపట్టవచ్చు. జాంబియాలో 2012 నుంచి నారింజ మొక్కజొన్న రైతుల చేతిలో ఉంది. పోషకాల్లో నాతో పోట్లాడనివి ఉన్నప్పుడు, వాటితో మొదలుపెట్టక పోట్లాడేదాన్నే ఎందుకు ముందుకు తోస్తారు?

పోషణవాది: రెంటినీ కలిపారు కదా. 2017లో వచ్చిన పూసా వివేక్ క్యూపీఎం-9 ఇంప్రూవ్డ్‌లో లైసిన్, ట్రిప్టోఫాన్‌తోపాటు విటమిన్ ఎ ఇచ్చే కెరోటిన్ 8.15 పీపీఎం. మామూలు రకాల్లో ఒకటి రెండుకు మించదు. మీరు చెప్పని ఇబ్బంది నేనే చెబుతాను: గోదాములో నెలలు గడిచేకొద్దీ ఆ కెరోటిన్ తరిగిపోతుంది. లైసిన్ అంత తేలిగ్గా తరగదు. గింజలోని ఫైటేటు అనే పదార్థాన్ని తగ్గించి ఇనుము, జింకు ఒంటికి పట్టేలా చేద్దామని చూస్తే మొలక దెబ్బతిన్న సందర్భాలున్నాయి. ప్రతి పోషకానికీ పంటతో సంబంధం వేరు. ఒక్కటే సూత్రం గీసి అన్నిటికీ చుట్టబెట్టడం కుదరదు.

దిగుబడివాది: అలాంటప్పుడు పుప్పొడి సంగతీ తేల్చండి. ఒపేక్-2 అణగి ఉండే గుణం. రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది. పక్క చేలో మామూలు హైబ్రిడ్ జల్లు నుంచి పుప్పొడి ఎగిరొచ్చి ఈ కంకి పీచు మీద పడితే, ఆ గింజ అప్పటికప్పుడే మామూలు గింజ. ఈ గుణం నిలవాలంటే చేనుకూ చేనుకూ మధ్య కనీసం 200 మీటర్లు ఎడం ఉండాలి. అరెకరం, ఎకరం ముక్కలున్న మన ఊళ్లలో ఎవరికుంది ఆ ఎడం?

పోషణవాది: చేను మధ్యలో ఈ కలగాపులగం తక్కువ, గట్ల వెంబడి ఎక్కువ. ఊరంతా ఒకే రకం వేస్తే బెడద లేదు.

దిగుబడివాది: ఊరంతా వేయాలంటే ఊరంతా అమ్ముకోగల ధర కావాలి. ఆ ధర లేదని ఇందాకే ఒప్పుకున్నాం.

పోషణవాది: అమ్ముకునే ఊరి గురించి మీరు మాట్లాడుతున్నారు. నా మనసులో ఉన్నది పండించి తనే తినే ఇల్లు. ఆ ఇంటికి యార్డు ధరతో పని లేదు. కావలసింది ఏటా కొనే హైబ్రిడ్ కాదు, దాచుకుని మళ్లీ విత్తుకోగల రకం. ఘనాలో 1992లో విడుదల చేసిన ఒబాటన్పా అలాంటిదే.

దిగుబడివాది: దాచుకునే రకం అంటే హైబ్రిడ్ కంటే తక్కువ దిగుబడి. అందరికంటే పేద ఇంటినే తక్కువ దిగుబడి వేయమంటున్నారు మీరు.

పోషణవాది: ఆ ఇల్లు ఇప్పుడు వేస్తున్నది 30 క్వింటాళ్ల హైబ్రిడ్ కాదు. కొండవాలులో, వానను నమ్ముకుని, యూరియా లేకుండా నాటు విత్తనం వేస్తోంది. పోల్చాల్సింది దానితో.

దిగుబడివాది: సరే, దానితోనే పోల్చుదాం. పరిశోధన కేంద్రంలో పూర్తి ఎరువు, నీటి తడితో పోల్చిన లెక్కలు నాకొద్దు. ఆ కొండవాలులోనే, వాన సరిగా లేని ఏడాది కూడా కలిపి, వాళ్ల బస్తాల్లోనే ఆరు నెలలు నిలవ ఉంచి తూద్దాం. ఎంత మిగిలిందన్నదే దిగుబడి.

పోషణవాది: ఒప్పుకుంటాను. తూకంతోపాటు అదే బస్తాలోంచి పిడికెడు గింజ తీసి ట్రిప్టోఫాన్ కూడా చూద్దాం.

దిగుబడివాది: చూద్దాం. అప్పుడు మీ రకం 5 శాతం తక్కువ తూగితే ఏమంటారు?

పోషణవాది: అది ఓటమి అనను.

దిగుబడివాది: నేనంటాను. తన పంట తనే తినే ఇంట్లో 5 శాతం అంటే ఏడాదిలో 18 రోజుల తిండి.

పోషణవాది: మిగిలిన 347 రోజులూ ఆ బిడ్డ తినే గటకలో లైసిన్ రెట్టింపు ఉంటుంది. ఆ 18 రోజుల తిండికి దారి ఏమిటని మీరు నన్ను అడగాల్సిందే, నేను వెతకాల్సిందే. ఈ 347 రోజులకు దారి ఏమిటని నేను మిమ్మల్ని అడుగుతున్నాను.